బంగ్లా భూదవ్వ, వందకు ఐదు

మా చెల్లె భూదవ్వ జీవితంలో మొదటి గెలుపు ఒక తాళంచెవి. ఎల్లారెడ్డి ఊరి చివర, టేకు చెట్ల నడుమ ఉన్న పాత జంగ్లాత్ బంగ్లా తాళంచెవి అది. దానికోసం ఆమె కామారెడ్డికి పన్నెండుసార్లు పోయింది. పదకొండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. పన్నెండోసారి తాళాన్నే వెంట పట్టుకుపోయింది.

నేను ఆమెకు పెద్దన్నను. ఊరి బడిలో ఏడో తరగతి పాసైనవాణ్ణి. మా కాలపు ఏడు ఇప్పటి పదికి తక్కువ కాదు. పైగా ఇరవై రెండేండ్లు తునికాకు కల్లంలో లెక్క రాశాను. అడవిలో కోసిన బీడీ ఆకును జనం కట్టలు కట్టి తెచ్చి పోసే జాగానే కల్లం. అక్కడ లెక్క తప్పితే కర్రలు లేచేవి. కాబట్టి జరిగింది జరిగిన వరుసలో రాయడం నాకు చేతనవును.

ఆ బంగ్లా నిజాం కాలంలో అడవి అధికారులు దిగడానికి కట్టింది. పెంకుల కప్పు, చుట్టూ వరండా, మనిషి రెండు చేతులు చాపినా అందనంత వెడల్పు తలుపు. భూదవ్వ పంతొమ్మిదేండ్లు ఆ వరండా ఊడ్చింది, రోజు కూలి మీద. లోపల ఏముందో ఒక్కనాడూ చూడలేదు. తలుపుకు తాళం, తాళంచెవి కామారెడ్డిలో. నిజాంసాగర్ చూడపోయేవాళ్లు దారిలో బండి ఆపి, కిటికీ సందులోంచి ఒక కన్ను పెట్టి చూసి, "లోపల ఏముందమ్మా?" అని అడిగేవాళ్లు. "నాకేమెరుక, నేను అరుగు దాకనే" అనేది భూదవ్వ.

ఒకరోజు మాచారెడ్డి దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలవ్వ, మనవరాలిని చంకనేసుకొని, ఆ మాట విని ఊరుకోలేదు.

"ఎన్నేండ్ల సంది ఊడుస్తున్నవు బిడ్డా?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిదేండ్లు ఒక ఇల్లు ఊడ్సి లోపల ఏమున్నదో తెల్వదా? మా ఇంట్ల కొత్త కోడలు మూడు రోజులల్ల ఉప్పు డబ్బ ఏడున్నదో కనిపెట్టింది."

ఆ రాత్రి భూదవ్వ అన్నం సగమే తిన్నది. తెల్లారి మొదటి బస్సెక్కి కామారెడ్డి పోయింది.

అక్కడ ఆఫీసులో తాళంచెవులు చూసే గుమాస్తా దేవరాజ్. చెడ్డవాడు కాడు. అతని దగ్గర ఒక పెద్ద రేకు డబ్బా ఉంది, దాని నిండా తాళంచెవులు. ఏ ఒక్కదానికీ చీటీ లేదు.

"గిండ్ల ఏది మీ బంగ్లాదో నాకు తెల్వదు" అన్నాడు దేవరాజ్. "నాకంటె ముందటోనికి తెల్వదు. వానికంటె ముందటాయన చచ్చిపోయిండు."

"డబ్బ ఇయ్యి సారు. పెట్టి చూసి రేపు తెస్త."

"సర్కారు డబ్బ గడప దాటొద్దు."

పదకొండుసార్లు ఇదే ముచ్చట. పదకొండోసారి దేవరాజ్ విసుగుతో నవ్వి, "గంత ఆత్రముంటె తాళాన్నే ఈడికి తే పో" అన్నాడు. అతను పరాచికానికి అన్నాడు. మా ఇంట్లో పరాచికాలు అర్థం చేసుకునే అలవాటు తక్కువ.

అడవి వాచర్ యాకూబు మాకు బాగా కావలసినవాడు. అతను స్క్రూలు విప్పి, తాళాన్ని దాని గొళ్లెంతో సహా తలుపు నుంచి ఊడదీసి ఇచ్చాడు. ఇత్తడి తాళం, రెండు కిలోల పైన. ఇక తలుపుకు కాపలా ఎవరు? నన్ను గడప మీద కూచోబెట్టింది.

"అన్నా, నేను చూడకముందు నువ్వు చూడొద్దు. అడివి దిక్కు మొకం పెట్టి కూసో."

పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదున్నర దాకా తాళం లేని తలుపుకు వీపు ఆనించి కూచున్నాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇది కూడా రాయదగిన సంగతే.

బస్సులో కండక్టర్ ఆమె ఒళ్లో మూట చూసి అడిగాడట.

"ఏందవ్వా అది?"

"తాళం."

"ఇల్లేది?"

"ఎల్లారెడ్డిల ఉన్నది."

"ఇల్లిడిశిపెట్టి తాళం ఏడికి తీస్కపోతున్నవ్?"

"తాళంచెవి కామారెడ్డిల ఉన్నది. అది బస్సెక్కదట. అందుకే తాళాన్ని ఎక్కించిన."

దేవరాజ్ బల్ల మీద తాళం దించేసరికి ఆఫీసంతా చుట్టూ చేరింది. అరవై మూడు తాళంచెవులు. ఒకటొకటే పెట్టి తిప్పారు. నలభై దాటాక టీలు తెప్పించారు. యాభై ఎనిమిదోది కిర్రుమని తిరిగింది. దేవరాజ్ కాసేపు ఆ తాళాన్నే చూసి, "నేను ఈడికొచ్చిన సంది ఈ డబ్బల నుంచి పనికొచ్చిన తాళంచెవి ఇదే మొదటిది" అన్నాడు. భూదవ్వ సంతకం పెట్టి తెచ్చుకుంది. ఆ సంతకం నేను నేర్పిందే.

లోపల గబ్బిలాలున్నాయి. అవి పోయాక మిగిలినవి చెబుతాను. కాళ్లు చాపుకోవడానికి చేతులు పొడుగ్గా ఉన్న టేకు కుర్చీ. కొట్టేసిన దుంగల మీద సర్కారు గుర్తు కొట్టే సుత్తె. గోడకు చెదలు తిన్న అడవి పటం. దూలానికి వేలాడే, తాడుతో గుంజే పంకా చట్రం, దాని గుడ్డ ఎప్పుడో రాలిపోయింది. చట్రం నుంచి ఒక కప్పీ, కప్పీ నుంచి గోడలో ఒక కన్నం, ఆ కన్నం బయట వరండాలో తేలింది.

కన్నం చూసి భూదవ్వ అక్కడే నిలబడిపోయింది. మా బాపు వయసులో ఉన్నప్పుడు ఈ వరండాలోనే కూచొని తాడు గుంజేవాడు. తాడు గోడలోకి పోయేది. గాలి ఎవరికి తగులుతుందో బాపు ఎన్నడూ చూడలేదు. లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. "తాడు నాది, గాలి దొరది" అనేవాడు. అంటే తండ్రీ కూతుళ్లు ఇద్దరూ కలిసి బంగ్లా బయట బతుకులు గడిపినవాళ్లే.

భూదవ్వ పాత జంపఖానా కుట్టి పంకాకు తగిలించింది. కొత్త తాడు కట్టింది. ఇక చూడవచ్చినవాళ్లకు బంగ్లా చూపించే పద్ధతి తనే పెట్టింది. ఒకరు కుర్చీలో కూచోవాలి, ఒకరు వరండాలోకి పోయి తాడు గుంజాలి. తర్వాత మారాలి. "గాలి తిన్నోడెవరో, గాలి ఇచ్చినోడెవరో ముందు తెల్వాలె. మిగిలింది తర్వాత" అని మొదలుపెట్టేది. ఆ తర్వాత సుత్తె. ఆ తర్వాత అడవిలోకి అర కిలోమీటరు నడక, రంపపు గుంత దాకా. మిషన్లు రాకముందు దుంగను గుంత మీద అడ్డంగా పెట్టి, పైన ఒకడు, గుంతలో ఒకడు నిలబడి పొడుగు రంపంతో కోసేవాళ్లు. పైవాడికి నడుము నొప్పి, కిందివాడికి కండ్లల్లో పొట్టు. అక్కడ కూడా మారాల్సిందే.

"పులి ఉందా?" అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు. "లేదు. ఉంటే నేనుంటనా?"

కామారెడ్డి ఆఫీసు ఇదంతా విని ఒక కాగితం పంపింది. 2025 ఫిబ్రవరి ఒకటి నుంచి ఏడాది పాటు బంగ్లా తెరిచి ఉంచవచ్చు. టికెట్టు లేదు. వచ్చినవాళ్లు పుస్తకంలో పేరు రాయాలి. ఏడాదిలో వెయ్యి మంది రావాలి. రాకపోతే బంగ్లాలో మొక్కల సంచులు పోసుకుంటారు, తాళంచెవి తిరిగి డబ్బాలోకి పోతుంది.

కాగితం నేనే చదివి వినిపించాను. "మళ్లీ చదువు" అంది. చదివాను. "సంచులు పోస్తరా?" అంది. "పోస్తరట" అన్నాను. "మా బాపు గుంజిన తాడు కింద సంచులు పండుకుంటయా?" అంది. ఆనాటి నుంచి వెయ్యి అనే అంకె మా ఇంట్లో చుట్టంలా తిష్ఠ వేసింది.

ఆ ఏడాది భూదవ్వ సాధించినవి అన్నీ రాస్తే పుస్తకం అవుతుంది. కొన్ని చెబుతాను. ఎల్లారెడ్డి బస్సు బంగ్లా మలుపు దగ్గర ఆగేది కాదు. తాళం మోసిన నాటి కండక్టరే మళ్లీ కనబడితే, "ఆనాడు తాళాన్ని ఎక్కించుకున్నవ్. ఇప్పుడు ఇల్లు చూసేటోళ్లను దించరాదు?" అని అడిగింది. అప్పటి నుంచి ఆగుతోంది. గ్లోరీ టీచర్ తన బడి పిల్లలు నలభై తొమ్మిది మందిని తెచ్చింది. నలభై తొమ్మిది మంది అడవిలోకి పోయారు, నలభై తొమ్మిది మంది తిరిగొచ్చారు. మాకు తెలిసిన ఏ పిక్నిక్‌లోనూ ఇది జరగలేదు. జుక్కల్ దిక్కు నుంచి ఒక పెండ్లివాళ్ల టెంపో వచ్చింది. అందులో పెద్దవాళ్లు మాట్లాడేది కన్నడం, మరాఠీ, తెలుగు అంతంత మాత్రమే. భూదవ్వకు ఆ రెండూ రావు. పెండ్లికొడుకు తండ్రిని కుర్చీలో కూచోబెట్టింది, పెండ్లికూతురు తండ్రి చేతికి తాడు ఇచ్చింది. లోపలి నుంచి నవ్వులు వినబడ్డాయి. తర్వాత ఇద్దరినీ మార్చింది. అప్పుడు వరండా నుంచి నవ్వులు వినబడ్డాయి. పోయేటప్పుడు పెండ్లికొడుకు తండ్రి వచ్చీరాని తెలుగులో, "మా దిక్కు కోట ఉన్నది. గిట్ల చూపించేటోళ్లే లేరు" అని ఆమె చేతులు పట్టుకున్నాడు.

ఇక లెక్క సంగతి. ఇక్కడ కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే కథంతా దీనిమీదే నడిచింది.

తునికాకు కల్లంలో ఒక ఆచారం ఉంది. కూలివాళ్లు వంద కట్టలు పోస్తే, వాటి మీద ఇంకో ఐదు పోయాలి. ఆకుల్లో చిరిగినవి, పురుగు చుక్కలు పడ్డవి ఉంటాయి గనక వాటికి బదులని. నూట ఐదు కట్టలు పోస్తే నేను వంద అని రాసేవాణ్ణి. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మాకు వంద అంటే నూట ఐదే. భూదవ్వ పదమూడో ఏట నుంచి ఆ కల్లంలోనే ఆకు పోసింది.

మనుషులనూ అట్లాగే లెక్కపెట్టింది. వచ్చినవాళ్లతో పేరు రాయించేది. వాళ్లు పోయేటప్పుడు, చిరిగిన ఆకు అనిపించినవాళ్ల పేరు పక్కన బొగ్గుతో ఒక చుక్క పెట్టేది. ప్రతి నూట ఐదు మందిలో ఐదుగురికి చుక్క. నెలాఖరున నేను చుక్క పడ్డవాళ్లను వదిలేసి, మిగిలినవాళ్లను లెక్కపెట్టి, దేవరాజ్‌కు ఫోనులో చెప్పేవాణ్ణి. చుక్కల సంగతి అతనికి చెప్పలేదు. దాచిపెట్టి కాదు. సర్కారుకు తెలియదని మాకు తట్టలేదు.

చుక్కలు ఊరికే పడేవి కావు. టేకు చెట్టు మీద తన పేరూ ఒక అమ్మాయి పేరూ చెక్కబోయినవాడికి చుక్క. పంకా కింద కూచొని "ఏసీ లేదా?" అన్నవాడికి చుక్క. పెండ్లి ఫోటోల కోసమని వరండాలో రంగు పొగ వదిలిన ఇద్దరికీ చెరొకటి. గ్లోరీ టీచర్ పిల్లలు వచ్చిన వందలో అందరూ మంచివాళ్లే అయిపోయి, నలుగురే దొరికారు. ఆ రోజు నేను కూడా పేరు రాసి, కుర్చీలో కూచొని, గాలికి నిద్రపోయాను. ఐదో చుక్క నాకు పడింది. లెక్క లెక్కే, నేను బాధపడలేదు.

2026 జనవరి ముప్పై ఒకటి సాయంత్రం నేను పుస్తకం ముందేసుకున్నాను. తొమ్మిది వందల యాభై ఐదు. మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిది వందల యాభై ఐదే.

యాకూబు గొంతు తగ్గించి అన్నాడు. "అక్కా, నలభై ఐదు పేర్లే గద. మా చుట్టాలు షాదీలకు వస్తే గంతమందే అయితరు. నేను పేర్లు చెప్త, అన్న రాస్తడు."

"ఆళ్లు వచ్చిన్రా?"

"రాలే. రమ్మంటే వస్తుండిరి."

"కొమ్మ మీద ఉన్న ఆకును కట్టల కట్టినట్టు రాస్తరా యాకూబు?" అంది భూదవ్వ. "సంచులు పోస్తే పోయనీ. దొంగ కట్ట మాత్రం వద్దు."

అని తాడు విప్పి, చుట్టగా చుట్టి, కొంగులో కట్టుకుంది. "సంచుల మీదికి గాలెందుకు" అంది.

ఫిబ్రవరి రెండు, సోమవారం మధ్యాహ్నం తాళంచెవి తీసుకుపోవడానికి జీపు వచ్చింది. అందులోంచి దేవరాజ్ దిగాడు. వెనక కొత్త సారు దిగాడు, పేరు అరవింద్, చిన్న వయసు. కిందటి నవంబరులోనే ఆ ఆఫీసుకు వచ్చాడు. బడికి సగం రోజు సెలవు పెట్టి గ్లోరీ టీచర్ కూడా వచ్చి కూచుంది. భూదవ్వ తాళంచెవి కడిగి, బొట్టు పెట్టి, పళ్లెంలో పెట్టి ఉంచింది.

అరవింద్ సారు బంగ్లా వంక సరిగా చూడలేదు. "బాధపడకండమ్మా. నలభై ఐదు తక్కువైంది. రూల్ రూలే" అన్నాడు.

"రూలే సారు" అంది భూదవ్వ.

టీ కాగే లోపల దేవరాజ్ ఊరికే ఉండలేక పుస్తకం తిరగేశాడు. గుమాస్తా వేలు కాగితం మీద ఊరికే పోదు, లెక్కపెడుతూ పోతుంది. మూడు పేజీలు తిప్పి ఆగాడు.

"భూదవ్వా, గీ చుక్కలేంది?"

"చిరిగిన ఆకులు."

"ఆకులా? ఇవి మనుషుల పేర్లు గద."

"వందకు ఐదు సారు" అన్నాను నేను. "కల్లం లెక్క. అందరికి తెలిసిందే గద."

"నాకు తెల్వదు" అన్నాడు దేవరాజ్.

"నాకూ తెలీదు" అన్నాడు అరవింద్ సారు.

నేను వివరంగా చెప్పాను. వింటుంటే దేవరాజ్ కళ్లద్దాలు ముక్కు కొసకు జారాయి. "ఏడాది పొడుగునా నాకు ఫోన్‌ల చెప్పింది చుక్కలు తీసేసిన లెక్కనా?"

"మరి చిరిగినోళ్లను ఎట్ల చెప్తం?"

దేవరాజ్ పుస్తకం ఒళ్లో పెట్టుకొని మొదటి పేజీ నుంచి చుక్కలు లెక్కపెట్టాడు. టీ పొంగిపోయింది. తొమ్మిది వందల్లో వందకు ఐదు చొప్పున నలభై ఐదు చుక్కలు తేలాయి.

"తొమ్మిది వందల యాభై ఐదు, నలభై ఐదు" అన్నాడు దేవరాజ్. "వెయ్యి. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు."

యాకూబు చప్పట్లు కొట్టాడు. నేను నవ్వబోయాను. భూదవ్వ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"చిరిగిన ఆకు లెక్కకు రాదు."

"అవ్వా, నువ్వే అడ్డం పడితే ఎట్ల?" అంది గ్లోరీ టీచర్. "మా బడిల మాట విననోళ్ల హాజరు తీసేస్తే, బడి ఎప్పుడో మూతపడుతుండె. వచ్చినోడు వచ్చినట్టే. వాడు మంచిగున్నడా లేడా అన్నది వేరే పేజీ."

భూదవ్వ లేచి పొంగిన టీ దించి వచ్చింది. టీచర్ మాట మీద ఆమెకు గురి. "సరే. వచ్చి పోయినోళ్లను మళ్లీ పిలువలేం. ఆళ్లను బడి లెక్కలనే కలుపుండ్రి" అంది చివరికి.

అప్పుడు దేవరాజ్ దగ్గాడు. పుస్తకాన్ని అరవింద్ సారు వైపు తిప్పి, అక్టోబరు పేజీలో వేలు పెట్టాడు. "సార్, ఇక్కడ ఒక చుక్క ఉన్నది. పేరు మీదే అయినట్టున్నది."

సారు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అక్టోబర్ పన్నెండు, ఆదివారం. అప్పటికి నాకీ పోస్టింగ్ రాలేదు. ఫ్రెండ్స్‌తో ఊరికే వచ్చాను" అన్నాడు.

"అయితే ఆఫీసు మనిషిగ రాలే. చూడనీకి వచ్చిన మనిషే" అన్నాడు దేవరాజ్ సంతోషంగా. "లెక్కకు వస్తరు సార్. మీరు గాకుంటే తొమ్మిది వందల తొంభై తొమ్మిదే."

"నాకు చుక్కెందుకు పెట్టారమ్మా?"

భూదవ్వ సారును జీపు దిగినప్పుడే గుర్తుపట్టిందట. మర్యాదకు ఊరుకుంది. ఇప్పుడు అడిగాడు గనక చెప్పింది. "మీరు కుర్చీల కూసోని గాలి తిన్నరు సారు. మారుండ్రి, తాడు గుంజుండ్రి అంటే, నేనా అన్నరు. రంపపు గుంత దాక రాలే. ఇంతేనా అని బండెక్కిన్రు."

"అన్నాను" అని ఒప్పుకున్నాడు సారు.

"అందరిని కలుపుండ్రి. ఈ సారును కలపొద్దు."

దేవరాజ్ నెత్తి పట్టుకున్నాడు. "భూదవ్వా, ఒక్కడు. వెయ్యికి ఒక్కడే కావాలె."

"ఆళ్లు పోయిన్రు, పిలువలేం. ఈయన ఈడనే కూసున్నడు గద. సగం చూసి పోయినోనికి నేను నిండు లెక్క ఎట్ల రాయాలె?" అని సారు వైపు తిరిగింది. "మిగిలిన సగం చూస్తరా సారు?"

సారు గడియారం చూసుకున్నాడు. జీపు వంక చూశాడు. పళ్లెంలో బొట్టు పెట్టిన తాళంచెవిని చూశాడు. బూట్లు విప్పాడు.

భూదవ్వ కొంగు ముడి విప్పి తాడు తీసి పంకాకు కట్టింది. సారును వరండాలో, మా బాపు కూచున్న జాగాలోనే కూచోబెట్టి తాడు చేతికిచ్చింది. "మా బాపు పొద్దంత గుంజిండు. మీరు పావుగంట గుంజుండ్రి." కుర్చీలో కూచోవడానికి ఎవరో ఒకరు కావాలి గనక దేవరాజ్‌ను కూచోబెట్టింది. మొదట అతను కుర్చీ అంచున, పరీక్ష రాసేవాడిలా కూచున్నాడు. అయిదు నిమిషాలకు వెనక్కి ఆనుకున్నాడు. పది నిమిషాలకు కాళ్లు కుర్చీ చేతుల మీదికి చేరాయి. పన్నెండో నిమిషాన పంకా కొంచెం నెమ్మదించింది. లోపలి నుంచి దేవరాజ్ గొంతు, కళ్లు మూసుకున్నవాడి గొంతు, వినబడింది.

"జర జోరుగ గుంజు."

సారు కన్నం వైపు ఒకసారి చూశాడు. తర్వాత జోరుగానే గుంజాడు. పావుగంట అయ్యాక దేవరాజ్ బయటికి వచ్చి, తను అన్నది గుర్తొచ్చి, మళ్లీ లోపలికి పోయాడు.

తర్వాత రంపపు గుంత. సారు అర కిలోమీటరూ నడిచాడు. యాకూబు దుంగ మీదికెక్కాడు. సారు తనే అడిగి గుంతలోకి దిగాడు. ఇరవై లాగుడు లాగారు. పైకి వచ్చేసరికి తల మీద, మీసాల మీద, చొక్కా జేబులో టేకు పొట్టు. అరచేయి బొబ్బ లేచింది.

"ఇంతేనా సారు?" అని అడిగింది భూదవ్వ.

"ఇంతుందా అవ్వా" అన్నాడు అరవింద్ సారు, కళ్లు తుడుచుకుంటూ.

భూదవ్వ పుస్తకం తెప్పించి, కొంగు కొంచెం తడి చేసుకొని, ఆ చుక్క తుడిచింది. బొగ్గు గనక పూర్తిగా పోలేదు, కొంచెం మరక మిగిలింది. సారు బంగ్లా బల్ల మీదే కాగితం రాశాడు. వచ్చినవాళ్లు వెయ్యి మంది, బంగ్లా తెరిచే ఉంటుంది, తాళంచెవి భూదవ్వ దగ్గరే ఉంటుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాడు, ఇక నుంచి వంద అంటే వందే. భూదవ్వ ఒప్పుకుంది. చుక్కలు మాత్రం మానదట. పెట్టాలి, లెక్కలో కలపాలి అని తేలింది.

నేను ఆ రాత్రి పాత కల్లం పుస్తకాలు తీసి చూసుకున్నాను. ఇరవై రెండేండ్లు వంద, వంద, వంద అని నా చేతివ్రాత. అందమైన చేతివ్రాతే. ఒక్కో వంద వెనక ఐదు కట్టలు ఎవరివో నేను ఎన్నడూ రాయలేదు. ఆ పుస్తకాలు మళ్లీ సందుగ పెట్టెలో పెట్టేశాను.

వారం తిరగకముందే సారు ఫోను చేశాడు. జుక్కల్ దిక్కు కోట ఒకటి చూడవచ్చేవాళ్లకు చూపించడానికి అక్కడి ఆడవాళ్లు పది మందిని తీసుకున్నారట. వాళ్లకు పద్ధతి నేర్పాలి, పదిహేను రోజులు.

"నాకు కన్నడం రాదు, మరాఠీ రాదు" అంది భూదవ్వ.

"పెండ్లివాళ్ల టెంపో సంగతి దేవరాజ్ చెప్పాడు. వాళ్లకు ఏ భాషలో చూపించావవ్వా?" అన్నాడు సారు.

"తాడుతోని."

"తాడు పట్టుకొనే పో."

ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన బయలుదేరింది. సంచిలో రెండు చీరలు, ఒక తాడు, నాలుగు బొగ్గు ముక్కలు. మలుపు దగ్గర బస్సు ఆగింది. అదే కండక్టర్.

"ఏందవ్వా, ఇయ్యాల తాళం లేదా?"

"తలుపు తెరిచే ఉన్నది. మా అన్న కూసున్నడు" అంది భూదవ్వ.

పోతూ పోతూ నాకు మూడు ఆజ్ఞలు ఇచ్చింది. పులి ఉందని ఎవరికీ చెప్పొద్దు. కుర్చీలో నిద్రపోవద్దు. చుక్క పెట్టాల్సి వస్తే పెన్సిలుతోనే పెట్టాలి, బొగ్గు ముట్టుకోవద్దు. ఎవరు చిరిగిన ఆకో తేల్చేది తనే. ఈ వారం రోజుల్లో ముప్పై ఒక్క మంది వచ్చారు. ముప్పై ఒకటీ రాశాను. పెన్సిలు చుక్కలు రెండు పడ్డాయి. ఒకటి నెమళ్లకు ఈల వేసినవాడికి. రెండోది దేవరాజ్‌కు. ఆదివారం నాడు భార్యను తెచ్చి, ఆమెకు తాడు ఇచ్చి, తను కుర్చీలో కూచొని, మారమంటే మారలేదు. తను సర్కారు మనిషినని, చుక్క తీసేయమని రోజూ ఫోను చేస్తున్నాడు. నా చేతిలో ఏమీ లేదని, ఆమె వచ్చాక అడుగమని చెప్పాను. భూదవ్వ వచ్చేది మార్చి పద్నాలుగు, శనివారం, సాయంత్రం బస్సుకు.